పదో నెల బాబుకి తల సొట్ట సరిచేసే హెల్మెట్ ఎప్పుడు ఆపాలి? ఒకరు చాలంటున్నారు, ఒకరు రెండోది వెయ్యమంటున్నారు

ఫ్రిస్కో_కొత్తమ్మ
మావాడికి తొమ్మిది నిండి పదో నెల నడుస్తోంది. పుట్టిన దగ్గర్నుంచి మెడ ఎడమవైపు తిప్పేవాడు కాదు. టార్టికాలిస్ అన్నారు. ఎప్పుడూ కుడివైపే వాలి పడుకోవడంతో తల వెనక కుడిపక్క సొట్టపోయింది. మూడో నెల నుంచి ఫిజియోథెరపీ చేయించాం. ఆరు నెలలు దాటాక హెల్మెట్ పెట్టారు. రోజుకి 23 గంటలు, స్నానానికి తీసే ఆ ఒక్క గంటే సెలవు. మూడేసి వారాలకోసారి స్కాన్. తల రెండుపక్కల తేడా చెప్పే అసమానత సూచీ, వాళ్ళు సీవీఏఐ అంటారు, ఎంత తక్కువైతే అంత మంచిది, వరసగా ఇలా వచ్చింది: 9.4, 6.7, 5.3, 4.9, 4.8.

ఇప్పుడు హెల్మెట్ బిగుతైంది. తీయగానే కణత దగ్గర ఎర్రటి గీత పడుతోంది. హెల్మెట్ కొలత తీసి అమర్చే ఆర్థోటిస్ట్ ఏమో "ఇంకా పెరిగే తలే, రెండోది వేస్తే 3.5 లోపుకి తేవచ్చు" అంటోంది. పిడియాట్రీషియన్ చేత్తో తడిమి చూసి బాగానే ఉంది, ఇక తీసెయ్యండి అన్నాడు. మొదటిదానికి ఇన్సూరెన్స్ సగం ఇచ్చింది, రెండోదానికి పైసా రాదట. మా ఆయన పిడియాట్రీషియన్ పార్టీ. నాకేమో భయం.

అసలు టెన్షన్ వేరే ఉంది. వచ్చే నెల ఇండియా వెళ్తున్నాం, పదకొండో నెలలో తిరుమలలో పుట్టు వెంట్రుకలు. గుండు చేయించాక సొట్ట బయటపడితే చుట్టాల నోళ్ళు ఎవరు మూస్తారు? ఆపినవాళ్ళు ఎప్పుడు ఆపారు, ఏం చూసి ఆపారు చెప్పండి. మీ డాక్టర్ని అడగండి అని మాత్రం అనకండి, ఇద్దర్ని అడిగే ఇక్కడికి వచ్చా.

తోతాపురి
మీ డాక్టర్ని అడగండి.

తోతాపురి
సారీ, ఆగలేకపోయా. మా అమ్మాయికి ఎనిమిదిన్నర నెలలకి ఆపాం. 4.1 దగ్గర. ఇప్పుడు రెండేళ్ళు, జడ వేస్తే పాపిడి కొంచెం పక్కకి పోతుంది. అది సొట్ట వల్లో, అమ్మాయి కుదురుగా కూర్చోకపోవడం వల్లో ఇంకా తేలలేదు.

గుంటూరు_గోంగూర
రెండోది అమ్మేవాళ్ళే రెండోది కావాలని చెప్తున్నారు. చెప్పుల షాపువాడిని పాత చెప్పులు ఇంకా పనికొస్తాయా అని అడిగినట్టుంది.

కవలల_నాన్న
గోంగూర గారూ, అంత తేలిగ్గా తీసెయ్యకండి. మా ఇద్దరికీ హెల్మెట్లు వేయించినవాడిని నేను, రెండు రకాలుగానూ చేతులు కాల్చుకున్నా.

మావాళ్ళు 33 వారాలకే పుట్టారు, నెలపైన ఎన్ఐసీయూలో, అంటే పసిపిల్లల ఐసీయూలో ఉన్నారు. నెల తక్కువ పిల్లల ఎముక మెత్తన, పైగా కదలిక తక్కువ. ఇద్దరికీ తల వెనక మొత్తం చదునైపోయి వెడల్పు పెరిగింది. పెద్దాడికి నాలుగున్నర నెలలకి మొదలుపెట్టాం. సర్రున దిగింది, ఎనిమిది వారాల్లో అనుకున్న చోటికి వచ్చేసింది. సంబరపడి తీసేశాం. అప్పటికి వాడింకా కూర్చోవట్లేదు, రోజంతా వెల్లకిలానే. రెండు నెలల్లో కొంచెం వెనక్కి పోయింది. చిన్నాడికి ఆలస్యంగా మొదలుపెట్టాం, నెమ్మదిగా తగ్గింది, పాకడం కూడా వచ్చాక తీశాం. వాడిది తీసినప్పుడు ఎలా ఉందో అలాగే ఆగింది.

కాబట్టి ఎన్నో నెల అన్నదాని కన్నా, తీశాక ఆ తల దేనిమీద ఆనుతుంది అన్నది నేను చూస్తా. మీవాడు కూర్చుంటున్నాడా? రాత్రి అటూ ఇటూ దొర్లుతున్నాడా?

ఫ్రిస్కో_కొత్తమ్మ
కూర్చుంటున్నాడు, పాకుతున్నాడు, సోఫా పట్టుకుని నిలబడుతున్నాడు. రాత్రి మంచంలో గడియారం ముల్లులా తిరుగుతాడు. హెల్మెట్ చెక్కకి తగిలి ఠంగుమన్నప్పుడల్లా మాకు మెలకువ.

బామ్మ_చేతి_ఆముదం
ఈ గొడవంతా కాళ్ళమీద వేసుకుని నీళ్ళు పోసే మనిషి లేకపోవడం వల్ల. మా అత్తగారు ముగ్గురు పిల్లలకీ నూనె పెట్టి, తల గుండ్రంగా రాసి, మాడు మీద ఆముదం అద్ది, ముక్కు కూడా నొక్కి తీర్చారు. ఒక్కరికీ సొట్ట లేదు. పడుకోబెట్టేటప్పుడు ఆవాల దిండు పెట్టేవాళ్ళం.

కూకట్‌పల్లి_కుర్రది
అక్కా, మా ఇంట్లోనూ అలాగే పోశారు, మా తమ్ముడి తల ఇప్పటికీ పీటలా ఉంటుంది. పైగా వాడిది నొక్కిన ముక్కే.

గోదారి_ఫిజియో
పిల్లల ఫిజియోథెరపీలో 11 ఏళ్ళుగా ఉన్నాను, హెల్మెట్లు అమ్మను.

ముందు ఆవాల దిండు సంగతి. ఏడాది లోపు పిల్లల నిద్రలో ఏ దిండూ వద్దు. తల ఆకారం కోసమని అమ్మే దిండ్లు వాడొద్దని అమెరికాలో మందుల్నీ వైద్య పరికరాల్నీ నియంత్రించే ఎఫ్‌డీఏ 2022లో విడిగా హెచ్చరిక కూడా ఇచ్చింది. ఊపిరాడకపోవడమే భయం. నూనె రాయండి, ముద్దు చేయండి, బిడ్డకి హాయిగా ఉంటుంది. నొక్కితే మాత్రం ఎముక వంగదు. మాడు దగ్గర అసలే నొక్కకండి.

ఇక కొత్తమ్మ గారికి. అన్నిటికన్నా ముందు ఆ కణత మీద గీత. హెల్మెట్ తీసి గడియారం చూడండి. గంటలోపు మాయమైతే సరే. గంట దాటినా ఉంటే మళ్ళీ పెట్టకుండా క్లినిక్‌కి ఫోన్ చేయండి. ఆపడం, కొనసాగించడం తర్వాత మాట్లాడుకుందాం.

రెండోది, 4.9కీ 4.8కీ మధ్య ఆ మూడు వారాల్లో తల చుట్టుకొలత ఎంత పెరిగింది? స్కాన్ రిపోర్టులోనే ఒక మూల ఉంటుంది. ఎవరూ చూడరు దాన్ని.

ఫ్రిస్కో_కొత్తమ్మ
గీత నలభై నిమిషాల్లో పోయింది, ఇప్పుడే చూశా. చుట్టుకొలత 44.9 సెంటీమీటర్ల నుంచి 45.2 అయింది. నిజమే, ఇన్నాళ్ళూ ఆ లైను నా కంట పడలేదు.

గోదారి_ఫిజియో
అయితే తల పెరిగింది, తేడా మాత్రం తగ్గలేదు. ఇది ముఖ్యం. హెల్మెట్ తలని పిండదు. ఉబ్బిన చోట ఆనుకుని నిలబడుతుంది, సొట్ట ఉన్న చోట ఖాళీ వదులుతుంది. పెరిగే తల ఆ ఖాళీలోకి పోతుంది. మీవాడి హెల్మెట్లో ఆ ఖాళీ అయిపోయినట్టుంది, అందుకే బిగుతు. తల పెరగకుండా సూచీ ఆగితే ఇంకొన్నాళ్ళు చూడమనేదాన్ని, కొన్ని వారాలు పిల్లల తల పెరక్కుండా ఊరుకుంటుంది. ఇక్కడ అలా కాదు. లోపలి ఫోమ్ ఇంకా చెక్కే వీలుందా అని ఆర్థోటిస్ట్‌ని అడగండి. లేదంటే ఈ హెల్మెట్ పని అయిపోయింది. ఉత్తినే పెట్టి ఉంచితే లాభం లేదు, పెరిగే తలకి అడ్డం కూడా.

మిగిలిన ప్రశ్న ఒక్కటే, 4.8 కోసం రెండోది వెయ్యాలా అని. మొదటి ఆరు నెలల్లో తల చకచకా పెరుగుతుంది. ఆరు నుంచి పన్నెండు మధ్య నెలకి అర సెంటీమీటరు పెరిగితే గొప్ప. కొలత తీసుకుని కొత్తది తయారయ్యేసరికే రెండు వారాలు పోతాయి. మిగిలిన కాస్త పెరుగుదలతో ఎంత తగ్గుతుందో మీరే ఊహించుకోండి. అసలు తగ్గదని అనడం లేదు, 9.4 నుంచి 6.7కి దిగినట్టు మాత్రం దిగదు.

లెక్కల_పిచ్చి
శాతాల్లో చూస్తే భయమేస్తుంది, మిల్లీమీటర్లలో చూడండి. తలని పైనుంచి చూసి రెండు మూలల కొలతలు ఐమూలగా తీస్తారు. ఆ రెంటి తేడాని కొలతతో భాగించి వందతో హెచ్చిస్తే ఈ సూచీ. ఆ వయసులో మూల కొలత 14 సెంటీమీటర్లు అనుకుందాం. 9.4 అంటే 13 మిల్లీమీటర్ల తేడా. 4.8 అంటే దాదాపు 6.7. 3.5 అంటే దాదాపు 5. మీరు రెండో హెల్మెట్‌తో కొనేది మహా అయితే 2 మిల్లీమీటర్లు. పెసరగింజంత కూడా కాదు.

ఇంకొకటి, 4.9 నుంచి 4.8 అంటే 0.14 మిల్లీమీటరు. స్కాన్‌కి ముందు తలకి తొడిగే మేజోడులాంటి టోపీ ముడతపడినా, జుట్టు పెరిగినా అంత తేడా వస్తుంది. దాన్ని తగ్గింది అనీ అనొద్దు, ఆగింది అనీ అనొద్దు. ముందు వారాల వరస చూడాలి. 2.7, 1.4, 0.4, 0.1. దిగడం ఎలా నెమ్మదించిందో అందులోనే ఉంది.

తోతాపురి
మాస్టారూ, పెసరగింజ పోలిక దెబ్బకి నా రెండేళ్ళ అపరాధభావం పోయింది.

గుంటూరు_గోంగూర
ఇంకో మాట అంటా, తిట్టుకోకండి. అసలీ హెల్మెట్లు పనిచేస్తాయా? నెదర్లాండ్స్‌లో 84 మంది పిల్లల్ని చీటీ వేసినట్టు రెండు గుంపులు చేసి, ఒక గుంపుకి హెల్మెట్, ఒక గుంపుకి ఏమీ లేకుండా చూశారు. 2014లో బీఎంజే అనే వైద్య పత్రికలో వచ్చింది. రెండేళ్ళ వయసులో కొలిస్తే పూర్తిగా మామూలైనవాళ్ళు హెల్మెట్ గుంపులో 26 శాతం, లేనివాళ్ళలో 23 శాతం. తేడా లేనట్టే.

సీతాఫలం_డాలస్
ఆ అధ్యయనం పట్టుకుని మా ఆయన కూడా ఆరు నెలలు వాదించాడు, అందుకే నాకు బట్టీ వచ్చేసింది. అందులో టార్టికాలిస్ ఉన్న పిల్లల్ని తీసుకోలేదు, అతి తీవ్రంగా సొట్ట ఉన్నవాళ్ళనీ తీసుకోలేదు. కొత్తమ్మ గారి బాబుకి టార్టికాలిస్ ఉంది, మొదలైంది 9.4 దగ్గర. పైగా అందులో చాలామందికి హెల్మెట్ సరిగ్గా కూర్చోలేదు, తిరిగిపోయింది, జారింది. నేను హెల్మెట్ పార్టీ అని కాదు, ఆ 26, 23 అందరికీ అతికించకండి అంటున్నా. అమెరికాలో న్యూరోసర్జన్ల మార్గదర్శకాలు 2016లో వచ్చాయి. ముందు పడుకునే తీరు మార్చడం, ఫిజియో, వాటితో లొంగని మధ్యస్థ, తీవ్ర కేసులకి హెల్మెట్ అని చెప్పాయి.

గుంటూరు_గోంగూర
సరే, టార్టికాలిస్ పాయింట్ ఒప్పుకుంటా. చెప్పుల షాపు పోలిక మాత్రం వెనక్కి తీసుకోను.

థేమ్స్_గట్టు
ఇక్కడ ఇంగ్లండులో ప్రభుత్వ వైద్య సేవ ఎన్‌హెచ్‌ఎస్ హెల్మెట్ ఇవ్వదు, రుజువులు చాలవు అంటుంది. కావాలంటే ప్రైవేటుగా కొనుక్కోవాలి. పసిపిల్లల్ని చూసే నర్సు, మా హెల్త్ విజిటర్, మా పాపని చూసి బోర్లా పడుకోబెట్టి ఆడించండి, నడక వస్తే అదే పోతుంది అంది. పూర్తిగా పోలేదు, మూడొంతులు పోయింది. అదే తల అమెరికాలో పుట్టుంటే హెల్మెట్ పడేది.

మైలవరం_మావయ్య
మా చిన్నప్పుడు ఇన్ని సొట్టలు లేవే? ఇప్పుడే ఎందుకొచ్చాయి?

గోదారి_ఫిజియో
పిల్లల్ని వెల్లకిలా పడుకోబెట్టమని 1992లో అమెరికా పిడియాట్రిక్స్ అకాడమీ చెప్పింది, 1994లో ఊరూరా ప్రచారం చేశారు. నిద్రలో హఠాత్తుగా పోయే పిల్లల సంఖ్య దాదాపు సగానికి పడిపోయింది. దానితోపాటు తల వెనక చదును పెరిగింది. ఆ బేరంలో నేనెప్పుడూ సొట్ట తలనే తీసుకుంటా. వెల్లకిలా పడుకోబెట్టడం మానకండి, మెలకువగా ఉన్నప్పుడు బోర్లా వేయండి. కారు సీటులో, ఊయల కుర్చీలో గంటలు గంటలు వదిలేయకండి.

మళ్ళీ_అమ్మనయ్యా
జాగ్రత్త కోసం ఒక మాట. మా బాబుది ఇలాంటి సొట్ట కాదు. నడినెత్తిన పొడుగ్గా ఉండే పుర్రె ఎముకల అతుకు ముందే మూసుకుపోయింది. మూడు నెలలకి ఎండోస్కోపిక్ సర్జరీ చేశారు, తర్వాత హెల్మెట్. మాకు ఎప్పుడు ఆపాలన్నది సర్జనే చెప్పారు, పుట్టినరోజు దాకా ఉంచారు. మధ్యలో సైజు మారి మూడు హెల్మెట్లు. సర్జరీ చేయించినవాళ్ళు ఎవరైనా ఈ చర్చ చదువుతుంటే, పైన అంటున్న "ఇక చాలు, తీసెయ్" మీకు వర్తించదు. మీది వేరే కథ.

కవలల_నాన్న
ఇది అందరికీ కనిపించేలా పైన పెట్టాలి. అడ్మిన్ ఉంటే చూడండి.

మూడేళ్ళ_గుండు
గుండు భయం గురించి ఎవరూ మాట్లాడలేదు కాబట్టి నేను.

మా పాపది 6.2 దగ్గర ఆపేశాం. తొమ్మిదో నెల. చర్మం మీద దద్దుర్లు వచ్చి, వారంలో నాలుగు రోజులు తీయాల్సి వస్తే ఇక విసుగొచ్చి ఆపాం. మూడో ఏట కళ్యాణకట్టలో గుండు. మంగలి నీళ్ళు కొట్టి కత్తి తిప్పుతుంటే నా చూపంతా తల వెనకే. కనిపించింది. నాకు కనిపించింది. తర్వాత ఫోటోలు యాభై మందికి పంపా, ఒక్కరూ అనలేదు. మా పిన్ని మాత్రం గంధం సరిగ్గా రాయలేదని తిట్టింది.

ఇప్పుడు మళ్ళీ జుట్టొచ్చింది. అయినా స్నానం చేయించేటప్పుడు నా చెయ్యి ఆ కుడిపక్కకే పోతుంది. ఇంకో నెల ఓపిక పట్టుంటే అనిపిస్తుంది అప్పుడప్పుడు. అబద్ధం చెప్పను.

ఫ్రిస్కో_కొత్తమ్మ
ఇది చదివి పది నిమిషాలు ఊరికే కూర్చున్నా. థాంక్స్ అండీ. సరిగ్గా ఈ చెయ్యి సంగతే నా భయం.

సీతాఫలం_డాలస్
గుండు గారిది 6.2, మీది 4.8. క్లినిక్‌లు ఎక్కువగా వాడే అట్లాంటా పిల్లల ఆసుపత్రి పట్టీలో 3.5 నుంచి 6.25 స్వల్పం, 8.75 దాటితే తీవ్రం. మీరు తీవ్రంలో మొదలై స్వల్పం మధ్యకి వచ్చారు. ఆవిడ స్వల్పం అంచున ఆగారు. రెండూ ఒకటి కాదు.

ఇంట్లో ఒక పని చేయండి. స్నానం చేయించి తడి జుట్టు తలకి అంటుకుపోయి ఉన్నప్పుడు, ఒకరు ఒళ్ళో కూర్చోబెట్టుకుని ఒకరు నిటారుగా పైనుంచి ఫోటో తీయండి. ముక్కు ఫోటోలో పైవైపు ఉండాలి. మొదటి వారం తీసిన ఫోటో ఉంటే పక్కన పెట్టి చూడండి. చెవులు ఒకే గీత మీద ఉన్నాయా, నుదురు ఒకపక్క ముందుకొచ్చిందా అన్నది అంకెల కన్నా బాగా తెలుస్తుంది.

తోతాపురి
ఫోటోలో వాడు పైకి చూడకుండా ఉండటానికి ఎదురుగా ఒకరు మురుకు పట్టుకుని నిలబడాలి. మూడో మనిషి తప్పనిసరి.

కూకట్‌పల్లి_కుర్రది
దిష్టి చుక్క హెల్మెట్ మీద పెట్టారా లేదా? అసలు ప్రశ్న అది.

ఫ్రిస్కో_కొత్తమ్మ
పెట్టారు! మా అత్తగారు రోజూ కాటుకతో పెడతారు, నేను రోజూ స్పిరిట్‌తో లోపల తుడిచేటప్పుడు అదీ పోతుంది. మూడు నెలలుగా మౌన యుద్ధం. ఇక లోపలి వాసన సంగతి అడక్కండి, మూడో రోజు పెరుగు. ఆవిడకి హెల్మెట్ కిందకి ఆముదం రాయొద్దని ఒప్పించడానికి ఆర్థోటిస్ట్‌తో వీడియో కాల్ పెట్టించాల్సి వచ్చింది.

బామ్మ_చేతి_ఆముదం
మీ అత్తగారి నంబరు ఇవ్వమ్మా, మాట్లాడాలి.

గోదారి_ఫిజియో
ఇండియా ప్రయాణం లెక్కలోకి తీసుకోండి కొత్తమ్మ గారూ. మే నెల ఎండలో చెమటతో 23 గంటలు జరగని పని. కొత్త హెల్మెట్‌కి మొదటి వారాల్లో తరచూ సర్దుబాట్లు కావాలి, అక్కడ మీకు చేసేవాళ్ళు ఉండరు. గుండు చేశాక జుట్టు మందం పోయి హెల్మెట్ కూర్చునే తీరు కూడా మారుతుంది. వేస్తే ప్రయాణం వాయిదా, వెళ్తే హెల్మెట్ వద్దు. రెండూ సగం సగం చేస్తే మాత్రం డబ్బు దండగ.

మెడ సంగతి మరవకండి. ఎడమవైపు పూర్తిగా తిప్పుతున్నాడా లేదా, అది హెల్మెట్ కన్నా ముఖ్యం. అది బాకీ ఉంటే ఫిజియో ఆపొద్దు.

ఫ్రిస్కో_కొత్తమ్మ
అప్‌డేట్. నిన్న వెళ్ళాం. చుట్టుకొలత లైను చూపించి, ఫోమ్ ఇంకా చెక్కే చోటుందా అని అడిగా. ఆవిడ హెల్మెట్ లోపల వేలు పెట్టి చూసి, కొంచెం సేపు ఆగి, లేదు అంది. రెండోది వేస్తే ఎంత తగ్గుతుందని సూటిగా అడిగితే "ఒకటి, ఒకటిన్నర పాయింట్, అదీ మీరు 23 గంటలు పెడితే" అంది. ఆవిడ మీద నాకు కోపం లేదు, అడిగితే నిజమే చెప్పింది. మేము ముందు అడగలేదు, అంతే.

మెడ ఫిజియో చూసింది. రెండువైపులా సమానంగా తిప్పుతున్నాడు. ఆపేశాం. ఆరు వారాల తర్వాత, అంటే ఇండియా నుంచి వచ్చాక ఒక స్కాన్, ఆవిడే ఫ్రీగా చేస్తానంది.

రాత్రి హెల్మెట్ లేకుండా పడుకోబెడితే మంచం చెక్కకి తల కొట్టుకుని ఆశ్చర్యంగా చూశాడు. ఇన్నాళ్ళూ వాడికి గోడలు మెత్తగా ఉండేవి పాపం. అత్తగారు పొద్దున్నే ఆముదం గిన్నెతో రెడీ.

లెక్కల_పిచ్చి
ఆరు వారాల స్కాన్ అంకె ఇక్కడ పెట్టడం మర్చిపోకండి. గ్రాఫ్ సగంలో వదిలేస్తే నాకు నిద్ర పట్టదు.

గుంటూరు_గోంగూర
పాత హెల్మెట్ ఏం చేస్తారు?

ఫ్రిస్కో_కొత్తమ్మ
మా ఆయన పారెయ్యమంటున్నాడు. అత్తగారు బోర్లించి చూసి, వడియాల పిండి కలుపుకోవచ్చు అన్నారు. దాచేశా.

ఫ్రిస్కో_కొత్తమ్మ
ఐదు వారాల తర్వాత మళ్ళీ నేనే, తిరుపతి నుంచి. గుండు అయింది. నలభై మంది చుట్టాలు చూశారు. ఒక్కరూ సొట్ట అనలేదు. మా పెదమావయ్య వాణ్ణి ఎత్తుకుని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే నా గుండె ఆగిపోయింది. చివరికి "చెవులు అచ్చం మా నాన్నవే" అన్నాడు.

లెక్కల_పిచ్చి
రెండు చెవులూ ఒకే గీత మీద ఉన్నాయా?

ఫ్రిస్కో_కొత్తమ్మ
గంధం ఇంకా ఆరలేదు మాస్టారూ, స్కేలు పెట్టనివ్వడం లేదు.